మెలకువలో మెదడు ఆపరేషన్: రోగి ఎదుట కూర్చుని మాటలు వినే పని – నా అనుభవం

మెదడులో గడ్డ మాటకు సంబంధించిన ప్రాంతంలో ఉంటే ఆపరేషన్ మధ్యలో రోగిని మెలకువలోకి తెచ్చి, మాట్లాడిస్తూ గడ్డ తీస్తారు. సర్జన్ తల వెనక ఉండి, మెదడు మీద ఒక్కో చోటును కొద్దిపాటి కరెంటుతో తాకుతారు. తాకినంతసేపు ఆ చోటు పని ఆగుతుంది. అప్పుడు మాట చెడితే అది తీయకూడని చోటని గుర్తు పెడతారు, ఆ గుర్తులనే పటం అంటాం. గుడ్డ తెరకు ఇవతల, రోగి ముఖానికి ఎదురుగా, బొమ్మల స్క్రీన్ పట్టుకుని స్పీచ్ పాథాలజిస్ట్ కూర్చుంటారు. నేను చేసే పని అదే. బొమ్మ చూపించి పేరు అడగడమే కదా అనిపిస్తుంది చూసేవాళ్లకి. అసలు పని వినడంలో ఉంది. తప్పు వచ్చిందని పసిగడితే సరిపోదు. అది ఏ రకం తప్పో రెండు మూడు సెకన్లలో తేల్చి సర్జన్‌కి ఒక్క ముక్కలో చెప్పాలి. "ఆగింది", "పేరు రాలేదు", "అర్థం తప్పింది", "శబ్దం తప్పింది": ఈ నాలుగూ మెదడులో నాలుగు వేరు సంగతులు. ఉత్తినే "తప్పు చెప్పారు" అంటే సర్జన్‌కి ఏమీ చెప్పనట్టే లెక్క.

స్కాన్ చూసి తీసేయొచ్చు కదా, ఇంత తతంగం ఎందుకని దాదాపు ప్రతి కుటుంబమూ అడుగుతుంది. ఎమ్మారై గడ్డ ఎక్కడుందో చెబుతుంది, దాని పక్కనున్న కణజాలం ఏ పని చేస్తోందో చెప్పదు. ఫంక్షనల్ ఎమ్మారై కొంత నయం. కానీ అది చూపించేది మాట్లాడేటప్పుడు రక్తప్రవాహం పెరిగిన చోట్లను, అంటే ఆ పనిలో ఏదో ఒక పాత్ర ఉన్న చోట్లన్నిటినీ. వాటిలో ఏది పోతే మాట పడిపోతుందో, ఏది పోయినా నెట్టుకురావచ్చో అది విడదీయలేదు. పైగా గ్లయోమా (మెదడులోని ఆధార కణాల నుంచి పుట్టే గడ్డ) పక్కన రక్తనాళాల స్పందనే మందగించి, పనిచేస్తున్న చోటు కూడా స్కాన్‌లో ఖాళీగా కనబడొచ్చు.

పుస్తకాల్లోని బొమ్మను నమ్ముకుని చేద్దామా అంటే అదీ కుదరదు. 1861లో ఫ్రెంచ్ వైద్యుడు పాల్ బ్రోకా, "టాన్" అనే శబ్దం తప్ప మరో మాట పలకలేని రోగి చనిపోయాక మెదడు పరీక్షించి, ఎడమ ముందు భాగంలో దెబ్బ చూపించారు. 1874లో జర్మన్ వైద్యుడు కార్ల్ వెర్నికె, గడగడా మాట్లాడుతూనే అర్థం పోగొట్టుకున్న రోగుల్లో ఎడమ కణత లోపలి భాగం దెబ్బతిన్నదని చెప్పారు. అప్పటినుంచి ముందున్నది మాట్లాడే చోటు, వెనకున్నది అర్థం చేసుకునే చోటు అన్న లెక్క స్థిరపడిపోయింది. బ్రోకా పారిస్‌లో భద్రపరిచిన ఆ మెదడునే 2007లో స్కాన్ చేస్తే దెబ్బ పైన కనబడే చోటుతో ఆగలేదని, లోపలి మడతలో దాగి ఉండే ఇన్సులా అనే భాగం దాకా, మెదడు చోట్లను కలిపే తెల్ల తంతువుల కట్టల దాకా పోయిందని తేలింది. 1989లో అమెరికన్ న్యూరోసర్జన్ జార్జ్ ఓజెమాన్ 117 మంది రోగుల కరెంటు పరీక్షల ఫలితాలు ఒకచోట పెట్టి చూపించినప్పుడు తేలింది ఇంకా ఇబ్బందికరమైన విషయం. ఒక్కో మనిషిలో భాషకు కీలకమైన చోట్లు తరచూ ఒకటి రెండు చదరపు సెంటీమీటర్ల ముక్కలే, కానీ ఆ ముక్కలు ఎక్కడున్నాయన్నది మనిషి మనిషికీ మారుతుంది. అందుకే ఎవరి పటం వాళ్లదే, అప్పటికప్పుడు గీసుకోవాల్సిందే.

పని ఆపరేషన్ బల్ల దగ్గర మొదలవదు, దానికి కొన్ని రోజుల ముందే మొదలవుతుంది. మొదట చేతివాటం అడుగుతాం. కుడిచేతివాటం వాళ్లలో నూటికి 95 మందికి పైగా భాష ఎడమ వైపే ఉంటుంది. గట్టి ఎడమచేతివాటం వాళ్లలో సుమారు నాలుగో వంతు మందికి కుడి వైపు ఉంటుంది. రాయడం ఒక్కటే అడిగితే మోసపోతాం. చిన్నప్పుడు పెద్దవాళ్లు బలవంతంగా కుడిచేత్తో రాయించి ఉండొచ్చు. అందుకని బంతి విసరడం, కత్తెర పట్టుకోవడం, పళ్లు తోముకోవడం, అగ్గిపుల్ల గీయడం అన్నీ అడగాలి.

ఆ తర్వాత బొమ్మలు. తెల్ల కాగితం మీద నల్ల గీతల బొమ్మలు, నూటికి తక్కువ కాకుండా. రంగులు ఉంటే రంగుని బట్టి ఊహించి చెప్పేస్తారు. అన్నీ కుక్క, పిల్లి, బంతి లాంటివే పెడితే మరో చిక్కు: మరీ చిన్నతనంలో నేర్చిన మాటలు మెదడులో గట్టిగా నాటుకుని ఉంటాయి, కాస్త కరెంటు తగిలినా వాటంతట అవే వచ్చేస్తాయి. కాబట్టి బడి వయసులో నేర్చినవి, అరుదుగా వాడేవి కూడా కలపాలి: నిచ్చెన, దిక్సూచి, గరాటు, తాబేలు, పట్టకారు. రోగి ప్రతి బొమ్మనూ కనీసం రెండుసార్లు, వేర్వేరు పూటల్లో చెబుతారు. ఒక్కసారి తడబడినా, రెండుసార్లు రెండు పేర్లు చెప్పినా, నాలుగు సెకన్లు దాటినా ఆ బొమ్మ తీసేస్తాను. ఇక్కడ జాలి పనికిరాదు. బయటే అనుమానంగా ఉన్న బొమ్మ లోపల తప్పితే అది కరెంటు వల్లా, ముందునుంచీ ఉన్న ఇబ్బంది వల్లా అన్నది ఎవరూ చెప్పలేరు. మొత్తం మీద నాలుగో వంతు కంటే ఎక్కువ తప్పుతుంటే పటం నమ్మదగ్గది కాదు. వాపు తగ్గించే స్టెరాయిడ్ కొన్ని రోజులు వాడించి మళ్లీ చూస్తారు.

బొమ్మ పేరుకు ముందు ఒక పట్టు వాక్యం చెప్పించడం తప్పనిసరి. "ఇది చిలుక" అనిపించడం కొందరికి అలవాటు. నాకు అది సరిపోదనిపిస్తుంది. "ఇది" అన్నది రెండక్షరాలు, వినేలోపే అయిపోతుంది. "ఈ బొమ్మలో ఉన్నది చిలుక" అనిపిస్తాను. ఇందులో ఒక సూక్ష్మం ఉంది. కరెంటు పెట్టినప్పుడు "ఈ బొమ్మలో ఉన్నది" దాకా హాయిగా వచ్చి అక్కడ ఆగితే నోరు పనిచేస్తోంది, పేరు దొరకడం లేదన్నమాట. మొదటి అక్షరమే రాకపోతే మాటే ఆగింది. పట్టు వాక్యం లేకుండా ఒట్టి పేరు అడిగితే ఈ రెండు మౌనాలూ ఒకేలా వినిపిస్తాయి.

రిహార్సల్ పడుకోబెట్టే చేయాలి. ఎడమ వైపు ఆపరేషన్ అంటే కుడి పక్కకి ఒత్తిగిలి, తల మూడు పిన్నుల బిగింపులో, కదలకుండా ఉండాలి. ఆ భంగిమలో స్క్రీన్ ఏ కోణంలో, ఎంత దూరంలో ఉంటే కనబడుతుందో కొలిచి రాసుకుంటాను. కళ్లజోడు వాడేవాళ్లయితే దాని కాడ బిగింపుకు అడ్డం వస్తుంది. ఒక కాడ తీసేసి టేపుతో అంటించడమో, అక్షరాలూ బొమ్మలూ పెద్దవి చేయడమో ముందే తేల్చుకోవాలి. గడ్డ వల్ల కుడి వైపు చూపు తగ్గి ఉంటే బొమ్మను కాస్త ఎడమకు జరపాలి. ఇవన్నీ చిల్లర విషయాల్లా ఉంటాయి గానీ, లోపలికి వెళ్లాక బొమ్మ కనబడక చెప్పలేకపోయినదాన్ని భాష తప్పుగా రాసుకుంటే, తీయాల్సిన గడ్డ ముక్క లోపలే మిగిలిపోతుంది.

రోగికి ఏం చెప్పాలన్నదీ ఇక్కడే. మెదడుకు నొప్పి తెలియదు. నొప్పి తెలిసేది నెత్తి చర్మానికి, కండరాలకి, మెదడు మీది గట్టి పొరకి. నెత్తికి రెండు వైపులా ఆరేసి నరాల దగ్గర బ్యుపివకెయిన్ లాంటి మందు ఇచ్చి మొద్దుబారుస్తారు. పుర్రె కోసేటప్పుడు చాలాచోట్ల నిద్రలోనే ఉంచుతారు. మెలకువ వచ్చాక దవడ లాగుతుంది, నోరు ఎండిపోతుంది, గొట్టం పెట్టి ఉన్నా మూత్రం వస్తున్నట్టే అనిపిస్తుంది, పడుకున్న పక్క భుజం పీకుతుంది. ఇవన్నీ ముందే చెప్పి ఉంచితే ఆ సమయంలో బెదరరు. "మధ్యలో మాట రాకపోతే కంగారు పడకండి, అది మేం చేస్తున్నదే, నాలుగు సెకన్లలో తిరిగి వచ్చేస్తుంది" అన్నది మాత్రం ఒకటికి మూడుసార్లు చెబుతాను. అలా చెప్పకపోతే మొదటిసారి మాట ఆగగానే భయంతో బిగుసుకుపోయి తర్వాతి పది బొమ్మలూ పాడు చేస్తారు.

ఆపరేషన్ రోజు నాకు మత్తు డాక్టర్ సర్జన్ అంత ముఖ్యం. మిడజోలామ్ లాంటి మందులు ముందు ఇవ్వకపోవడమే మేలు. భయం తగ్గుతుంది గానీ మాట మందగిస్తుంది, గడ్డ వల్ల అంతవరకు బయటపడని లోపాలు కూడా బయటపడతాయి. నిద్రపుచ్చే మందు ప్రొపోఫాల్ ఆపాక కళ్లు తెరవడానికి సాధారణంగా పది ఇరవై నిమిషాలు. కళ్లు తెరవడం వేరు, పరీక్షకు సిద్ధం కావడం వేరు. పేరు, తేదీ, ఎక్కడున్నారో అడుగుతాను. ఆ తర్వాత కరెంటు లేకుండా ఓ పాతిక బొమ్మలు. ముందురోజు వేగం వచ్చేదాకా పటం మొదలుపెట్టొద్దని చెప్పడం నా బాధ్యత. తొందరపడితే మిగతా అంతా వృథా. అలాగని ఆలస్యం చేసినా లాభం లేదు. రెండు గంటలు దాటితే ఎంత ఓపిక గల మనిషైనా అలిసిపోతారు, అలసట తప్పులు అచ్చం భాష తప్పుల్లాగే ఉంటాయి.

కరెంటు ఎంత పెట్టాలన్నది తర్వాతి మెట్టు. సర్జన్ చేతిలో ఉండేది రెండు కొనల ప్రోబ్, కొనల మధ్య దూరం 5 మిల్లీమీటర్లు. 50 లేదా 60 హెర్ట్జ్, ఒక్కో పల్స్ 1 మిల్లీ సెకను. 1.5 లేదా 2 మిల్లీ ఆంపియర్ల దగ్గర మొదలుపెట్టి అర చొప్పున పెంచుతారు. రోగి ఒకటి నుంచి పది దాకా ఆపకుండా లెక్కపెడుతుంటారు. "నాలుగు, ఐదు, ఆ..." అని గొంతు తెగిపోయిన చోట ఆ రోగికి సరిపడా కరెంటు దొరికినట్టు. మెలకువలో ఎక్కువమందికి అది 2 నుంచి 6 లోపే ఉంటుంది. పక్కనే పరిచిన ఎలక్ట్రోడ్ల మీద మెదడు తరంగాలు చూస్తూ ఉంటారు. ప్రోబ్ ఎత్తేశాక కూడా తరంగాలు ఎగిసిపడుతుంటే కరెంటు ఎక్కువైందని అర్థం, తగ్గించాల్సిందే.

లెక్కపెట్టేటప్పుడు మాట ఆగే ఆ చోటు గురించి రెండు ముక్కలు. చదువుకున్న పిల్లలు వచ్చి చూస్తే బ్రోకా ప్రాంతం దొరికిందంటారు. నిజానికి అది దానికి కాస్త వెనక, ముఖాన్నీ నాలుకనూ కదిలించే పట్టీకి ఆనుకుని ఉన్న, కదలికలను సిద్ధం చేసే ప్రీమోటార్ భాగం. చాలామంది రోగుల ఫలితాలు కలిపి 2014లో వేసిన పటం కూడా మాట ఆగేది ఎక్కువగా అక్కడేనని చూపించింది. బల్ల దగ్గర నేను వినేదీ అదే. 2015లో, మెదడు మీద ఎలక్ట్రోడ్లు ఉన్న రోగుల్లో చూసినప్పుడు మాట బయటికి వచ్చే ముందు బ్రోకా ప్రాంతం చురుగ్గా ఉండి, నోరు కదిలే సమయానికి నెమ్మదించింది. అంటే దాని పని మాటను కూర్చి ముందుకు పంపడంలో ఉంది, పలకడంలో కాదు. మాట ఆగినప్పుడు నేను వెంటనే అడిగేది ఒకటే: "నాలుక బయటపెట్టి అటూ ఇటూ ఆడించండి." నాలుకా ఆగితే అది కదలిక సంగతి. నాలుక ఆడుతూ మాట మాత్రం రాకపోతే మాటను కూర్చే చోటే తగిలింది.

ఇక అసలు పటం. మెదడు ఉపరితలం మీద సుమారు సెంటీమీటరుకొకటి చొప్పున అంకెల చీటీలు పెడతారు. ఒక్క బొమ్మ ఎలా నడుస్తుందో దగ్గరగా చూడండి. స్క్రీన్ బీప్ అంటుంది. ఆ బీప్‌తో పాటు, బొమ్మ రావడానికి ఒక్క క్షణం ముందు, ప్రోబ్ తాకుతుంది. చిలుక బొమ్మ. మామూలుగా, ఆరోగ్యవంతుల్లో, బొమ్మ కనబడ్డాక సుమారు 175 మిల్లీ సెకన్లలో అదేమిటో తెలుస్తుంది. 250కల్లా సరిపోయే మాట ఎంపికవుతుంది. 330కల్లా ఆ మాట శబ్దాలు దొరుకుతాయి, 455కల్లా అవి అక్షరాలుగా సర్దుకుంటాయి, 600 దగ్గర నోరు తెరుచుకుంటుంది. బల్ల మీద పడుకున్న మనిషికి ఒక సెకను, ఒక్కోసారి రెండు పడుతుంది, కానీ వరస అదే. కరెంటు ఈ వరసలో ఏ మెట్టును పట్టుకుందో తప్పే చెబుతుంది.

"ఈ బొమ్మలో ఉన్నది... అదే... ఆకుపచ్చగా, ముక్కు ఎర్రగా..." అంటే వస్తువు తెలిసింది, పేరు దొరకలేదు. "ఈ బొమ్మలో ఉన్నది పిచ్చుక" అంటే పేరు దొరికింది, కానీ పక్కింటిది. "ఈ బొమ్మలో ఉన్నది చికుల" అంటే సరైన మాటే దొరికింది, శబ్దాలు కూర్చడంలో అటూ ఇటూ అయ్యాయి. "చి...ఉ...గ" అని నాలుక మందంగా పడితే కూర్పు బాగానే ఉంది, కండరాలకు వెళ్లే ఆజ్ఞ దెబ్బతింది. తర్వాతి బొమ్మ గొడుగు వచ్చినా "చిలుక" అనే అంటే పాతదాన్ని వదిలించుకోలేకపోతున్నారు. ఇది ఎక్కువగా లోతుల్లో, కాడేట్ కేంద్రం దగ్గర వినిపిస్తుంది. చిక్కల్లా మొదటి రెండు అక్షరాల దగ్గరే. "చి..." అని ఆగితే శబ్దం తప్పా, పేరు సగం దొరికిందా? అలాంటప్పుడు ఊహించను. "మళ్లీ" అంటాను, సర్జన్ వేరే చోటు చూసి తిరిగి వస్తారు.

ఒక్కో చోటును మూడుసార్లు చూడాలి, వెంటవెంటనే మాత్రం కాదు. మూడింట కనీసం రెండుసార్లు తప్పితేనే ఆ చోటు భాషకు కీలకమని గుర్తు పెడతారు. మధ్య మధ్య కరెంటు లేని బొమ్మలు పోతుండాలి, మాట మామూలైందని రూఢి చేసుకోవడానికి. ఎప్పుడు తాకారో రోగికి తెలియకూడదు. కొందరు సర్జన్లు తాకే ముందు అలవాటుగా "ఆఁ" అంటారు. రోగి దాన్ని పట్టేసి బిగుసుకుంటారు. మర్యాదగా మానిపించాలి.

ప్రోబ్ నాలుగు సెకన్లకు మించి ఉంచకపోవడానికీ, ఒకే చోట వరసగా పెట్టకపోవడానికీ కారణం ఫిట్స్. మొదటి ఆనవాలు ఎక్కువసార్లు నాకే కనబడుతుంది, ముఖం నా ఎదుటే ఉంటుంది కాబట్టి. నోటి కుడి మూల అదరడం, చూపు ఒకచోట నిలిచిపోవడం, ప్రోబ్ తీసేశాక కూడా మాట తిరిగి రాకపోవడం. "ఫిట్స్" అని గట్టిగా చెప్పాలి, వివరణలు తర్వాత. సర్జన్ మంచులో పెట్టిన సెలైన్ లేదా రింగర్ ద్రావణం మెదడు మీద పోస్తారు. ఎక్కువసార్లు సెకన్లలో చల్లారిపోతుంది. అయితే ఆ తర్వాత కనీసం పది నిమిషాలు వచ్చే జవాబులేవీ నమ్మను.

పటం మొత్తం పూర్తయ్యాక ఒక్క చోటూ దొరకలేదనుకోండి, అంటే తాకిన ఏ చోటా మాట చెడలేదు. కొత్తవాళ్లు దీన్ని వైఫల్యం అనుకుంటారు. 2008లో 250 మంది రోగులతో వచ్చిన పెద్ద అధ్యయనంలో 58 శాతం మందిలోనే కీలకమైన చోటు దొరికింది. మిగతావాళ్లకి దొరకకుండానే గడ్డ తీశారు. ఆరు నెలల తర్వాత బతికున్నవాళ్లలో భాషా లోపం మిగిలింది 1.6 శాతం మందికే. కాబట్టి ఖాళీ పటం కూడా పటమే, కరెంటు సరైన మోతాదులో ఉందని ముందు రుజువు చేసుకున్నంతవరకు. ఆ రుజువు లేని ఖాళీ పటం ప్రమాదకరం.

బొమ్మల పేర్లు మాట ఉత్పత్తిని పట్టిస్తాయి, అర్థం చేసుకోవడాన్ని పెద్దగా పట్టించవు. గడ్డ కణత భాగంలో ఉంటే చెవితో విని చెప్పేవి కూడా పెట్టాలి. "వాన పడితే తల మీద పట్టుకునేది ఏమిటి?" అంటే "గొడుగు" అనాలి. కణత ముందు భాగంలో చాలా చోట్ల బొమ్మ చూసి గొడుగు అన్నవాళ్లే విని చెప్పలేరు. వెనక్కి పోయేకొద్దీ రెండూ తప్పుతాయి. ముందు భాగాన్ని బొమ్మలతో మాత్రమే పరీక్షించి తీసేస్తే, ఆ తర్వాత రోజువారీ మాటల్లో పేర్ల కోసం వెతుక్కోవడం మొదలవుతుంది. వాక్యాలకు రెండేసి బొమ్మలు వాడతాను. "పిల్లిని ఎలుక తరిమింది" అని చదువుతాను. ఒక బొమ్మలో పిల్లి తరుముతుంటుంది, ఇంకోదానిలో ఎలుక. ఎవరు ఎవరిని అన్నది "ని" అనే ఒక్క అక్షరం మీద ఆధారపడి ఉంది. మాటల అర్థంతో ఊహించేవాళ్లు పిల్లి తరిమే బొమ్మనే చూపిస్తారు. తెలుగులో క్రియ చివరకు వస్తుంది కాబట్టి కరెంటు వాక్యం చివరిదాకా ఉండాలి, అంటే వాక్యం నాలుగు సెకన్లలోపే ముగియాలి. నాలుగైదు మాటలు మించితే కుదరదు.

కణత అడుగు భాగంలోకి వెళుతుంటే చదివించడం కూడా చేర్చాలి. అక్కడి ఒక చోటు దెబ్బతింటే మాట్లాడటం, రాయడం బాగానే ఉండి, తాము రాసిందే చదువుకోలేని పరిస్థితి వస్తుంది. 1892లోనే ఫ్రెంచ్ వైద్యుడు డెజెరీన్ వర్ణించిన స్థితి ఇది. వత్తులున్న మాటలు, లేనివి సమానంగా పెడతాను.

ఉపరితలం అయిపోయాక లోతుకు వెళతారు. నా దృష్టిలో అసలు పరీక్ష అక్కడే. పైపొరలో ఒక ముక్క పోయినా, గడ్డ నిదానంగా పెరిగిన రోగుల్లో, పక్క చోట్లు ఆ పని అందుకుంటాయి. ఆ చోట్లను కలిపే తెల్ల తంతువుల కట్ట తెగితే అందుకునే దారే ఉండదు. లోతులో తప్పుల రకమే దారి చూపిస్తుంది. "చికుల" లాంటి శబ్దం తప్పులు వస్తే పై దారిలోని ఆర్క్యుయేట్ కట్ట దగ్గర పడ్డట్టు. "పిచ్చుక" లాంటి అర్థం తప్పులు వస్తే కింది దారిలో, నుదుటి భాగాన్ని వెనక భాగంతో కలిపే పొడవాటి కట్ట దగ్గర. ఆరంభించడానికే తటపటాయిస్తూ, ఒకసారి మొదలయ్యాక బాగానే సాగితే నుదుటి భాగంలోని యాస్లాంట్ కట్ట. ఇక్కడ బీప్ కోసం ఆగం. బొమ్మలు ఆగకుండా నాలుగు సెకన్లకొకటి పోతూనే ఉంటాయి, రోగి కుడి చెయ్యి పైకీ కిందికీ ఊపుతూ చెబుతుంటారు. రెండు పనులు కలిపితే మెదడు దగ్గర మిగులు తక్కువ, చిన్న దెబ్బ కూడా వెంటనే బయటపడుతుంది. తప్పు రాకముందు వేగం తగ్గుతుంది. "నెమ్మదించింది" అన్న నా మాటకి సర్జన్ చెయ్యి ఆగాలి. ఆ నమ్మకం ఇద్దరి మధ్యా లేకపోతే ఈ ఆపరేషన్ మొదలుపెట్టకపోవడం మంచిది.

గడ్డ నిదానంగా పెరిగిన రోగులని పైన అన్నానుగా, అది ఎందుకో చెప్పాలి. భాష ఎడమకు మొగ్గడం పుట్టుకతోనే కొంత ఉంటుంది, కానీ అప్పటికి తీగలన్నీ బిగించి ఉండవు. శబ్దాలు వినే చోటునూ నోటిని కదిలించే చోటునూ కలిపే దారి పసికందులోనే కనబడుతుంది. బ్రోకా ప్రాంతం దాకా వెళ్లే పై దారి ఏళ్ల తరబడి ఎదుగుతుంది. ఆరు నుంచి ఎనిమిది నెలల పసివాళ్లు తమ ఇంట వినని భాషల శబ్ద భేదాలు కూడా పట్టుకుంటారు, పది పన్నెండు నెలలకల్లా ఆ నేర్పు చాలావరకు పోయి సొంత భాషకు కుదురుకుంటారు. పుట్టిన సమయంలోనే స్ట్రోక్ వచ్చి ఎడమ వైపు పోయిన పిల్లల్లో భాష కుడి వైపు అద్దంలో ప్రతిబింబంలా అవే చోట్ల స్థిరపడగలదు. అంతటి వెసులుబాటు పెద్దల్లో ఉండదు. అయినా ఏళ్ల మీద పెరిగే గ్రేడ్ 2 గ్లయోమా మెదడుకు సమయం ఇస్తుంది. బ్రోకా ప్రాంతంలోని గడ్డను పూర్తిగా తీసినా మాట్లాడుతున్నవాళ్లు ఉన్నది అందుకే. అదే చోటు స్ట్రోక్‌తో నిమిషాల్లో పోతే మాట పడిపోతుంది.

రెండు భాషలు వాడేవాళ్లకి పటం రెండుసార్లు గీయాలి. కొన్ని చోట్లు రెండిటికీ ఉమ్మడి, కొన్ని ఒకదానికే. తెలుగు అడిగితే "అంబ్రెల్లా" అనేవాళ్లకి అది తప్పు కాదు, అలవాటు. కానీ లోపల ఆ మాట వస్తే అలవాటా, కరెంటు భాష మార్చేసిందా? ఏ బొమ్మకు ఏ మాట వాడతారో ముందురోజే వాళ్ల నోటే విని, దాన్నే సరైన జవాబుగా రాసుకుంటాను. తెలుగు వరసకు నీలం అంచు, ఇంగ్లీషు వరసకు ఎరుపు అంచు. నీలం అంచులో ఎప్పుడూ తెలుగే చెప్పినవాళ్లు ఒక చోట మాత్రం ఇంగ్లీషులోకి జారిపోతే, అది కూడా తప్పుగానే లెక్క.

గడ్డ తీశాక రెండో రోజు నుంచి నాలుగో రోజు దాకా మాట తరచూ దిగజారుతుంది. బల్ల మీద గలగలా మాట్లాడిన మనిషి మూడో రోజు పేర్లు తడుముకుంటుంటే ఇంట్లోవాళ్లు హడలిపోతారు. ఎక్కువసార్లు అది వాపు, వారాల్లో తగ్గుతుంది. నుదుటి భాగం లోపలి అంచున, సప్లిమెంటరీ మోటార్ ప్రాంతంలో తీస్తే మరీ విచిత్రంగా ఉంటుంది: చెప్పినవన్నీ అర్థమవుతాయి, సైగలతో చేస్తారు, నోట ఒక్క మాట రాదు. కొన్ని రోజుల నుంచి కొన్ని వారాల్లో మొదటి మాటలు వస్తాయి, నెలల్లో చాలావరకు సర్దుకుంటుంది. దీన్ని ముందే చెప్పి కాగితం మీద రాసి ఇవ్వాలి, ఆపరేషన్ తర్వాత చెబితే ఓదార్పులా వినిపిస్తుంది.

మూడు నెలలకి మళ్లీ అవే బొమ్మలు. ఎన్ని సరిగ్గా చెప్పారన్నది చూసి ఫైలు మూసేయడం చాలాచోట్ల జరుగుతోంది, అది నాకు నచ్చదు. నూటికి తొంభై ఎనిమిది చెప్పి కూడా తిరిగి ఉద్యోగం చేయలేకపోతున్నవాళ్లు ఉన్నారు. గ్రేడ్ 2 గ్లయోమా రోగుల్లో తిరిగి పనిలోకి వెళ్లడాన్ని పట్టిచ్చేది పేరు చెప్పే వేగమేనని 2012లో ఫ్రాన్స్ నుంచి వచ్చిన అధ్యయనం చూపించింది. అందుకే ఆపరేషన్‌కి ముందు రికార్డు చేసిన ఆడియోను పక్కన పెట్టుకుని, బీప్‌కీ మాట మొదలవడానికీ మధ్య ఎంత పట్టిందో బొమ్మ బొమ్మకీ కొలుస్తాను. ఆ తేడా అర సెకను దాటితే జవాబులన్నీ సరైనవే అయినా థెరపీ కొనసాగాల్సిందేనని రాస్తాను.